చిన్న తాతగారి ఓడ కోసం క్యూ దాకా: బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ సేవలపై ఒక సమీక్ష

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సరుకు ఓడల మీద పనిచేసిన బంధువు జాడ తీయాలనుకునే తెలుగు కుటుంబానికి, లండన్ పడమటి వైపు క్యూ అనే చోట ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ ఎంతవరకు అక్కరకు వస్తుందో చెప్పడానికి ఈ సమీక్ష రాస్తున్నాను. ఏడాదిన్నర పాటు ఇంట్లో కూర్చుని దాని కేటలాగును వాడాను, లండన్‌లోనే ఉద్యోగం చేసుకుంటున్న మా అన్నయ్య కూతురిని ఒకసారి దాని రీడింగ్ రూమ్‌కు పంపాను, మధ్యలో డబ్బు పుచ్చుకుని వెతికిపెట్టే ఒక సంస్థ చేతిలో దెబ్బ కూడా తిన్నాను. మనిషి పేరుతో వెతికినంతకాలం మాకు ఏమీ దొరకలేదు. ఓడ పేరుతో వెతకడం మొదలుపెట్టాకే దారి కనిపించింది. నా అనుభవంలో ఈ సేవ మంచిచెడ్డలన్నీ ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

మేము వెతికింది మా తాతగారి తమ్ముడు అప్పలస్వామి గురించి. భీమునిపట్నం దగ్గరి పల్లె నుంచి ఇరవయ్యేళ్ళు నిండకముందే కలకత్తా వెళ్ళి, బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలో కళాసీగా చేరారని, 1946లో తిరిగొచ్చారని మాత్రమే ఇంట్లో చెప్పుకునేవారు. ఆ తర్వాత ఆయన సముద్రం మాట ఎత్తగా విన్నవాళ్ళు లేరు. మిగిలింది ఒక రేకు గొట్టం. జానెడు పొడవు, రెండు వేళ్ళ లావు, ఒక చివర మూత. మా నాయనమ్మ దాన్ని "నల్లీ" అనేది. నల్లి అంటే నులకమంచంలో కుట్టేదని మాత్రమే తెలిసిన పిల్లలం, ఆ గొట్టం దగ్గరికి వెళితే కుడుతుందేమోనని భయపడేవాళ్ళం. ఓడల మీద పనిచేసే భారతీయులకు ఇచ్చే డిశ్చార్జి సర్టిఫికెట్టును తడవకుండా ఇలాంటి గొట్టంలో దాచుకునేవారని, గొట్టం పేరే కాగితానికీ అంటుకుని రేవుల్లో దాన్నే నల్లీ అనేవారని నాకు అరవయ్యో ఏట తెలిసింది.

మూత తుప్పుపట్టి బిగుసుకుపోతే కిరసనాయిలు రాసి ఒక రాత్రంతా వదిలేసి తీశాం. లోపలి కాగితం చుట్ట విప్పుతుంటేనే అంచులు పొడి పొడిగా రాలాయి. రెండు చోట్ల "వెరీ గుడ్" అన్న ముద్ర, ఒకచోట కలకత్తా పేరు, దాని పక్కన 1943 నాటి ఒక తేదీ స్పష్టంగా ఉన్నాయి. ఓడ పేరు ఉండవలసిన చోట పురుగు తిన్న కన్నం, ఆ కన్నం కుడి అంచున డి, ఎ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు. ఇంకే కంపెనీ అయినా ఈ రెండక్షరాలు కొంత పనికొచ్చేవేమో కానీ, బి.ఐ. అని అందరూ పిలిచే ఆ కంపెనీకి తన ఓడల పేర్లు దాదాపు అన్నిటినీ "ఎ" అక్షరంతో ముగించే అలవాటు ఉంది. మాల్డా, ఇండోరా, రోహ్నా, తిలావా, ఎరిన్‌పురా, అరోండా, ఇలా ఆ జాబితా చాలా పొడుగు. పురుగు సరిగ్గా పనికొచ్చే భాగమే తినిపోయింది.

అప్పుడు చేసిన తప్పు చెప్పుకోవాలి. ఇంటర్నెట్‌లో ప్రకటన చూసి, పూర్వీకుల సైనిక, నౌకా సేవల వివరాలు తెచ్చిపెడతామన్న ఒక సంస్థకు 18,000 రూపాయలు కట్టాను. వాళ్ళు పేరు, పుట్టిన సంవత్సరం, ఊరు అడిగారు కానీ ఓడ గురించి ఒక్క మాట అడగలేదు, అప్పుడే అనుమానం రావలసింది. మూడు వారాలకు ఒక పతకాల కార్డు నకలు వచ్చింది. అందులోని వ్యక్తి పేరు చివర స్వామి అని ఉన్న మాట నిజమే, కానీ ఆయన పుట్టిన సంవత్సరానికి మా చిన్న తాతగారి పుట్టుకకు పద్నాలుగేళ్ళ తేడా ఉంది, పుట్టిన చోటు మన తీరమే కాదు. దానితో పాటు మా ఇంటిపేరుకు చెందిన చిహ్నమట, డాలు మీద సింహం బొమ్మ వేసి రంగుల్లో అచ్చు వేసిన సర్టిఫికెట్టు ఒకటి. మా ఇంటిపేరుకు సింహం ఎక్కడిదని మా ఆవిడ అడిగితే, సింహాచలం దగ్గర కదా అని సరిపెట్టాను. డబ్బు వాపసు రాలేదు.

ఆ సంస్థ చేసిన పని నిజానికి నేషనల్ ఆర్కైవ్స్ కేటలాగులో ఎవరైనా అయిదు నిమిషాల్లో చేసుకోగలిగినదే. వాణిజ్య నావికుల కాగితాలు చాలావరకు అక్కడ బీటీ (బోర్డ్ ఆఫ్ ట్రేడ్) అనే అక్షరాల కింద ఉంటాయి, ఒక్కో వరుసకు ఒక్కో సంఖ్య. బీటీ 395 పతకాల వరుస. ఇందులో పేరు టైపు చేస్తే చాలు, ఎవరికి ఏ స్టార్ పతకం మంజూరయిందో తెలుస్తుంది. బ్రిటిష్ బంధువులున్న వారికి ఇది అద్భుతమైన సౌకర్యమే. అయితే వాణిజ్య నావికులకు పతకాలు వాటంతట అవి ఇంటికి రాలేదు, దరఖాస్తు పెట్టుకున్న వారికే ఇచ్చారు, ఈ వరుసలో ఉన్నది అలా అడిగి తీసుకున్నవారే. యుద్ధకాలంలో బంగాళాఖాతంలో తిరిగిన నావికులకు బర్మా స్టార్‌కు అర్హత ఉండేది, అంటే మన తీరం వెంబడి తిరిగిన కళాసీలలో చాలామందికి హక్కు ఉన్నట్టే. కానీ ఇంగ్లీషు చదవని పల్లె మనిషికి ఆ ఫారం సంగతి చెప్పిన వాళ్ళెవరు? ఇందులో పేరు కనిపించకపోతే ఆ మనిషి ఓడెక్కలేదని అనుకోకూడదు.

పేరుతో వెతికే మరో వరుస బీటీ 382. 1941 నుంచి నడిచిన నావికుల రిజిస్టరు ఇది, ఇందులో భారతీయ, ఆసియా నావికులకు విడిగా ఒక భాగమే ఉంది. ఓడను శత్రువు పట్టుకుని సిబ్బందిని ఖైదు చేసిన సందర్భాలకు బీటీ 373 ఉంది. జర్మనీలోని మిలాగ్ నార్డ్ శిబిరంలో భారతీయ నావికులు కూడా బందీలుగా ఉన్నారు కాబట్టి, ఇంట్లో "జర్మనీ జైలు" అన్న మాట వినపడినవాళ్ళు దాన్ని తప్పక చూడాలి. మాకు ఆ అవసరం పడలేదు.

పేరుతో వెతకడంలోని అసలు కష్టం రిజిస్టర్లది కాదు, మన పేర్లది. ఉత్తరాంధ్రలో ఇంటికొక అప్పలస్వామి, వీధికొక అప్పన్న, ఊరికి నలుగురు సింహాచలాలు. ఇంటిపేరు ముందు రాసుకునే మన అలవాటు కలకత్తా గుమాస్తాకు తెలియదు. అతను విన్నది విన్నట్టు తన భాషలో ఊహించుకుని ఇంగ్లీషులో రాసుకుంటాడు, తర్వాత లండన్‌లో ఇంకో గుమాస్తా ఆ చివరి ముక్కనే ఇంటిపేరు అనుకుని అకారాదిలో పెడతాడు. అప్పలస్వామి ఒకచోట అప్పల్ అవుతాడు, ఒకచోట స్వామి అవుతాడు, మరోచోట అబ్దుల్‌కు దగ్గరగా ఏదో అవుతాడు. నేను కాగితం మీద పదకొండు రకాల స్పెల్లింగులు రాసుకుని ఒక్కొక్కటే వెతికాను. రెండు నెలలు పట్టింది, ఫలితం లేదు.

ఈ సేవలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది బీటీ 389. యుద్ధకాలంలో బ్రిటిష్, మిత్రదేశాల సరుకు ఓడలు ఏ రేవుకు ఎప్పుడు చేరాయో, ఎప్పుడు బయల్దేరి ఎటు వెళ్ళాయో రాసి ఉంచిన కార్డులు ఇవి. కేటలాగులో ఓడ పేరు టైపు చేస్తే పేరు పక్కనే దాని గ్రాస్ టన్నేజి, అంటే ఓడ పరిమాణాన్ని చెప్పే అంకె, కూడా కనిపిస్తుంది. ఒకే పేరుతో రెండు ఓడలు ఉన్నప్పుడు ఈ చిన్న అంకె ఎంత మేలు చేస్తుందో వాడినవాళ్ళకే తెలుస్తుంది. టన్నేజి, కట్టిన సంవత్సరం, యజమాని, అధికారిక సంఖ్య వంటివి లాయిడ్స్ రిజిస్టరు అనే ఓడల జాబితా పుస్తకంలో ఉంటాయి. 1930 నుంచి 1945 దాకా ఆ సంపుటాలను స్కాన్ చేసి అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టారు. నేను ఒక పక్క ఆ రిజిస్టరు, మరో పక్క కార్డులు తెరుచుకుని, డి, ఎ అక్షరాలతో ముగిసే బి.ఐ. ఓడలన్నిటినీ ఒక నోట్‌బుక్కులో రాసుకుని, కుదరనివాటిని కొట్టేస్తూ వచ్చాను. మాల్డా 1942 ఏప్రిల్‌లోనే మునిగిపోయింది కాబట్టి 1943లో కలకత్తాలో సిబ్బందిని దింపే ప్రశ్నే లేదు. అలా కొట్టివేతలు అయ్యాక రెండు ఓడలు మిగిలాయి.

ఆ రెంటి కార్డులు తెప్పించుకుని చూడడం మొదలుపెట్టాను. చేతిరాత వరుసలు, ఒక్కో వరుసకు ఒక రేవు, దాని ఎదురుగా తేదీలు. రేవుల పేర్లను గుమాస్తాలు కుదించి రాస్తారు, అలవాటు పడటానికి ఒక పూట పడుతుంది. ఆ తర్వాత రైల్వే టైంటేబుల్ చదివినట్టే చదువుకోవచ్చు. మొదటి ఓడ ఆ నెలలో మన సముద్రాల్లోనే లేదు. రెండో ఓడ, చిన్న తాతగారి కాగితం మీది తేదీకి సరిగ్గా రెండు రోజుల ముందు కలకత్తా చేరింది. ఓడ రేవుకు వచ్చి, కళాసీల పెద్ద అయిన సరంగు తన మనుషులను షిప్పింగ్ ఆఫీసుకు తీసుకెళ్ళి లెక్క తేల్చుకోవడానికి రెండు రోజులు న్యాయమైన వ్యవధే. ఓడ పేరు మాత్రం ఇక్కడ రాయను. ఒక్క తేదీ కలిసినంత మాత్రాన రుజువు అయిపోదు, సిబ్బంది జాబితాలో ఆయన పేరు కంటితో చూసేదాకా దాన్ని మా చిన్న తాతగారి ఓడ అని చెప్పడం తొందరపాటే అవుతుంది.

యుద్ధంలో చనిపోయినవారి విషయంలో, వారి సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వారి ఉచిత వెతుకులాట దీనికంటే చాలా సులువు. మా ఇంట్లో 1942 ఏప్రిల్ 6 గురించి ఒక కథ ఉంది. ఆ రోజు జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్ళకు పారిపోయారు. అప్పుడు పడిన బాంబులలో ఒకదాన్ని విశాఖ మ్యూజియంలో ఇప్పటికీ చూడవచ్చు. అదే రోజు జపాను యుద్ధనౌకలు బంగాళాఖాతంలో దాదాపు 20 సరుకు ఓడలను ముంచాయి. వాటిలో బి.ఐ. కంపెనీవి మాల్డా, ఇండోరా ఉన్నాయి. తర్వాత నెలల తరబడి ఉత్తరం రాకపోయేసరికి ముత్తవ్వ కొడుకు ఆ ఓడల్లోనే పోయాడనుకుని తద్దినం పెట్టించబోయిందని, పెద్దలు ఆపారని చెబుతారు. ఆ కథ ఎంత నిజమో ఇప్పుడు తేల్చలేం కానీ, ఓడ పేరు పెట్టి ఆ జాబితాలు తెరిచి ఒక్కో పేరు చదువుతుంటే ఆమె భయం ఉత్తదేమీ కాదని తెలిసింది.

భారతీయ నావికుల పేర్లు లండన్ టవర్ హిల్ దగ్గరి స్మారకంలో వెతికి నిరాశపడేవాళ్ళు చాలామంది ఉంటారు. రెండో యుద్ధంలో సముద్రంలో పోయిన సుమారు 24,000 మంది వాణిజ్య నావికుల పేర్లు అక్కడ ఓడలవారీగా చెక్కి ఉన్నాయి, కానీ భారతీయ ఒప్పందాల మీద పనిచేసినవారిని అక్కడ కాక బొంబాయి, చిట్టగాంగ్ స్మారకాల్లో చేర్చారు. అవి రాతి గోడలు కావు, 6,000కు పైగా పేర్లున్న పుస్తకం. ఒక ప్రతి చిట్టగాంగ్ యుద్ధ శ్మశానవాటికలో, మరొకటి ముంబైలోని ఇండియన్ సీమెన్స్ హోమ్‌లో ఉన్నాయి. యుద్ధం మొదలయ్యేనాటికి బ్రిటిష్ సరుకు ఓడల సిబ్బందిలో సుమారు నాలుగో వంతు భారతీయులే కాబట్టి ఈ సంఖ్య ఆశ్చర్యం కలిగించదు. కమిషన్ వారి వెతుకులాటలో "అదనపు సమాచారం" అనే గడి ఉంది. కొందరి పేర్ల కింద తండ్రి పేరు, ఊరు, జిల్లా రాసి ఉంటాయి, కనుక అందులో పాత జిల్లా పేర్లు పెట్టి చూడండి. విశాఖపట్నం అని ఇప్పటి స్పెల్లింగుతో వెతికితే లాభం లేదు, విజాగపటం అని ఆ కాలపు ఇంగ్లీషులో, కాకినాడకు బదులు కోకనాడా అని రాయాలి. భీమిలికి బిమ్లీపటం.

ఈ జాబితాలు చదివేటప్పుడు తెలుగువాడికి ఒక చిన్న సుఖం ఉంది. హోదాల గడిలో కనిపించే మాటలకు ఇంగ్లీషు పాఠకుడు నిఘంటువు తెరవాలి, మనకు అక్కర్లేదు. అక్కడ సెరాంగ్ అని ఉంటే మన సరంగే. టిండాల్ అన్న మాట మన వేట పడవల తండేలుకు చుట్టం, సీకన్నీ అన్నవాడు చుక్కాని పట్టేవాడు, భండారీ వంటవాడు. సరంగు, తండేలు మన తీరంలో తెలిసిన మాటలే.

ఇక క్యూ ప్రయాణం. యుద్ధకాలపు సిబ్బంది జాబితాలు, లాగ్ పుస్తకాలు బీటీ 381లో ఓడ అధికారిక సంఖ్య ప్రకారం పెట్టెల్లో ఉన్నాయి. పేరు చెబితే ఎవరూ తీసి ఇవ్వలేరు, ఆ సంఖ్య ఉండాలి. లాయిడ్స్ రిజిస్టరు మీద నేను గడిపిన గంటలు అప్పుడు అక్కరకొచ్చాయి. దూరం నుంచి నకళ్ళు తెప్పించుకునే ఏర్పాటు ఉంది కానీ ముందు పుటలు లెక్కపెట్టి చూడటానికే విడిగా రుసుము ఉంటుంది, కట్ట ఎంత లావో తెలియనప్పుడు అది చీకట్లో బేరం. రీడింగ్ రూమ్‌లోకి మాత్రం ప్రవేశం ఉచితం. గుర్తింపు కాగితం ఒకటి, చిరునామా రుజువు ఒకటి చూపి టికెట్టు చేయించుకుంటే చాలు. పెన్నులు లోపలికి రానివ్వరు, పెన్సిల్ మాత్రమే, ఫోటోలు తీసుకోవచ్చు. మా అన్నయ్య కూతురు బాల్‌పెన్ను లాకరులో పెట్టి, పెన్సిల్ కొనుక్కుని లోపలికి వెళ్ళి, ఆ మధ్యాహ్నం నాకు 62 ఫోటోలు పంపింది.

వాటిని చూస్తూ రెండు రాత్రులు కూర్చున్నాను. కెప్టెన్, మేట్లు, ఇంజనీర్లు, రేడియో ఆఫీసరు, ఒక్కొక్కరి వయసు, ఇంటి చిరునామా వీధి నంబరుతో సహా, అంతకుముందు పనిచేసిన ఓడ. భారతీయ సిబ్బందిది మాత్రం ఆ కట్టలో లేదు. వారిని ఏషియాటిక్ ఆర్టికల్స్ అనే వేరే ఒప్పందం కింద, వేరే జీతాలకు తీసుకునేవారు, ఆ కాగితం వేరుగా నడిచేది. కొన్ని కట్టల్లో అది కలిసి ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. భద్రపరచిన చోటును తప్పు పట్టలేం, వాళ్ళకు అందినదే వాళ్ళు దాచారు. కానీ ఒకే ఓడ, ఒకే సముద్రం, ఒకే టార్పెడో భయం పంచుకున్న మనుషుల్లో కొందరి వీధి నంబరు కూడా తెలుస్తూ, బాయిలరు దగ్గర, డెక్కు మీద ఉన్న మిగతావారి పేరు కూడా తెలియకపోవడం చదువుతుంటే గొంతుకు అడ్డం పడుతుంది.

ఈ సేవ ఎవరికి పనికొస్తుందో సూటిగా చెబుతాను. ఇంట్లో ఓడ పేరు తెలిసినవారు, కనీసం ఒక రేవు, ఒక తేదీ ఉన్న కాగితమైనా ఉన్నవారు వెంటనే బీటీ 389తో మొదలుపెట్టండి, ఒక నెలలో ఆయన ఎక్కడెక్కడ తిరిగి ఉంటారో చాలావరకు తెలిసిపోతుంది. సింధియా కంపెనీ వారి, "జల" అని పేరు మొదలయ్యే ఓడల్లో పనిచేసినవారి మనవలకు కూడా ఇదే మాట. పేరు తప్ప ఏమీ తెలియనివారు ముందు ఇక్కడే వెతకండి: ట్రంకుపెట్టె అడుగున, ఫోటో ఫ్రేము వెనక, మనియార్డరు రసీదుల కట్టలో. దేశం లోపల నేషనల్ ఆర్కైవ్స్ ఆఫ్ ఇండియా వారి అభిలేఖ్ పటల్ అనే వెబ్‌సైటులో ఆనాటి ప్రభుత్వ దస్త్రాలు ఉన్నాయి, బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు కాగితాల్లో లస్కర్ల (భారతీయ నావికుల) జీతాలు, సమ్మెలు, వసతుల మీద దస్త్రాలున్నాయి. 1939 చివర్లో భారతీయ నావికులు బ్రిటిష్ రేవుల్లో జీతాల కోసం చేసిన సమ్మె ఎందుకు వచ్చిందో తెలుసుకోవడానికి అవి మంచివి, ఒక్క మనిషి జాడ తీయడానికి మాత్రం కాదు. డబ్బు పుచ్చుకుని వెతికేవాళ్ళ దగ్గరికి వెళ్ళక తప్పదనుకుంటే, వాళ్ళు మిమ్మల్ని మొదట అడిగే ప్రశ్న ఓడ పేరు కాకపోతే అక్కడితో ఆగండి.

అయిదు నక్షత్రాలకు నేను నాలుగు ఇస్తాను. ఓడల కార్డులకు అయిదు ఇవ్వాలనే ఉంది, సిబ్బంది జాబితాలను కూడా అలాగే ఇంటినుంచి చూడగలిగే వీలు ఉంటే ఆ ఒక్కటీ తగ్గించేవాణ్ణి కాదు. ఆ ఓడదే తర్వాతి ప్రయాణపు కట్ట ఇంకొకటి క్యూలో ఉంది. మా అన్నయ్య కూతురికి సెలవు ఆది, సోమవారాలు, ఆ రెండు రోజులూ రీడింగ్ రూమ్ మూసి ఉంటుంది. సంక్రాంతికి వచ్చి వెళ్ళాక ఒక శనివారం సెలవు పెట్టి వెళతానంది. కొత్త కట్టలో ఏషియాటిక్ ఆర్టికల్స్ కాగితం ఉండి, తండ్రి పేరు గడిలో మా ముత్తాత పేరు ఏ స్పెల్లింగులో కనిపించినా, ఓడ పేరు అప్పుడు రాస్తాను.